చిన్న గదిలో ఎలక్ట్రిక్ గిటారు



ఎలక్ట్రిక్ గిటారు కొని ఇంటికి తెచ్చుకున్నవాళ్ళకి మొదటి రోజే ఒక సంగతి తెలిసిపోతుంది. తీగ మీటితే పక్క కుర్చీలో కూర్చున్న మనిషికి కూడా సరిగ్గా వినపడదు. మామూలు అకూస్టిక్ గిటారుకి బోలుగా ఉండే చెక్క పెట్టె ఉంటుంది. తీగ కదలికని ఆ పెట్టే గదంతా వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ గిటారు ఒళ్ళు చాలావరకు గట్టి చెక్క. దాని తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. అయస్కాంతాలు, వాటి చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ, పికప్ అంటే ఇంతే. పైన ఉక్కు తీగ కంపిస్తే ఆ అయస్కాంత క్షేత్రం కదిలి, రాగి చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. ఆ కాస్త విద్యుత్తునీ పెంచి, దానికి ఒక రంగూ రూపూ ఇచ్చి, స్పీకరుకి అందించేది యాంప్లిఫయర్. గిటారు వాయించేవాళ్ళు దాన్ని ముద్దుగా యాంప్ అంటారు. యాంప్ లేని ఎలక్ట్రిక్ గిటారు సగం వాద్యం. అందుకే గిటారు ఎంచుకునేటప్పుడు పెట్టే శ్రద్ధంతా యాంప్ మీద కూడా పెట్టాలని నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి మొదటే చెబుతాను.

చాలామంది పెట్టరు. డబ్బంతా గిటారుకే అయిపోతుంది. ఇంట్లో ఎలాగూ హోమ్ థియేటర్ ఉంది కదా అని దాని మైకు జాక్‌లో గిటారు కేబుల్ పెట్టేస్తారు. శబ్దం వస్తుంది, కానీ పలచగా, గీరుకుపోతున్నట్టు వస్తుంది. దీనికి రెండు కారణాలున్నాయి. పికప్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. దాన్ని అందుకునే చోట ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం, సుమారు పది లక్షల ఓమ్‌లు ఉంటే తప్ప అందులోని పై స్వరాల మెరుపు నిలవదు. మైకు జాక్‌లో అంత ఉండదు. రెండో కారణం స్పీకరు. గిటారులో లావు తీగ ఖాళీగా మోగితే సుమారు 82 హెర్ట్జ్. సన్న తీగ మీద ఇరవై నాలుగో మెట్టు, అంటే ఫ్రెట్టు దగ్గర సుమారు 1,319 హెర్ట్జ్. ఆ పైన ఉండేవన్నీ మూల స్వరంతో పాటు మోగే అనుస్వరాలు. గిటారు యాంప్‌లలో వాడే స్పీకరు 5,000 హెర్ట్జ్ దాటిన దగ్గర్నుంచి బాగా మందగిస్తుంది. మనకి అలవాటైన గిటారు స్వరంలోని గుండ్రతనం చాలావరకు ఆ మందగింపు వల్ల వచ్చిందే. సినిమా పాటలు వినడానికి చేసిన స్పీకర్లు 20,000 హెర్ట్జ్ దాకా అన్నిటినీ వినిపిస్తాయి. పాటకి అది మంచిదే. గిటారుకి మాత్రం ఆ పై భాగమంతా ముల్లులా గుచ్చుకుంటుంది.

మరి అసలైన గిటారు యాంప్ తెచ్చుకుంటే? అక్కడ ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. అది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఫులర్టన్ అనే ఊళ్ళో లియో ఫెండర్ అనే ఆయన రేడియోలు బాగుచేసే దుకాణం నడిపేవాడు. గిటారు యాంప్‌ల చరిత్రలో పెద్ద అధ్యాయం ఆ రేడియో దుకాణంలోనే మొదలైంది. పెద్ద వయసు శ్రోతలకి వాల్వు రేడియో సెట్లు గుర్తుండే ఉంటాయి. మీట తిప్పాక వాల్వులు వేడెక్కే దాకా ఆగి, తర్వాత వార్తలు వినేవాళ్ళం. ఆ వాల్వులే గిటారు యాంప్‌లోనూ పనిచేసేవి. వాటికి ఒక గుణం ఉంది. మోయగలిగినంత వరకు శబ్దాన్ని ఉన్నదున్నట్టు పెంచుతాయి. అంతకు మించి అడిగితే తరంగాల కొసలు మెల్లగా నలిగి, కొత్త అనుస్వరాలు పుడతాయి. తీగ నాదం చిక్కబడుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. రేడియో మెకానిక్ దృష్టిలో అది లోపం. గిటారు వాద్యకారులకి మాత్రం ఆ నలుగుడే ప్రాణమైంది.

లండన్ పక్కన హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్‌కి ఒక సంగీత వాద్యాల దుకాణం ఉండేది. ఆయన స్వయంగా డ్రమ్స్ నేర్పే మాస్టారు. అమెరికా నుంచి వచ్చే ఫెండర్ యాంప్‌లు ఇంగ్లండులో బాగా ఖరీదు కావడంతో, ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ని నమూనాగా పెట్టుకుని 1962లో ఆయనా ఆయన మనుషులూ సొంతంగా ఒకటి తయారుచేశారు. జేటీఎం 45 దాని పేరు. విడిభాగాలు వేరు, స్పీకర్లు వేరు కావడంతో స్వరమూ వేరైంది. రాక్ సంగీతానికి అదే కంఠమైంది. 1965కల్లా ద హూ బృందంలోని పీట్ టౌన్‌షెండ్, జాన్ ఎంట్విసిల్ మాకు ఇంకా గట్టిగా కావాలని అడిగితే వంద వాట్ల యాంప్ పుట్టింది. అదే ఏడాది ఆగస్టు 15న న్యూయార్కు షే స్టేడియంలో బీటిల్స్ వాయించారు. వాక్స్ కంపెనీ వంద వాట్ల యాంప్‌లు తెచ్చుకున్నారు. యాభై ఐదు వేల మందికి పైగా జనం. ఆ కేకల్లో సంగీతం మునిగిపోయింది. వాద్యాలన్నిటికీ మైకులు పెట్టి స్టేడియం అంతా వినిపించే ఏర్పాటు అప్పటికి లేదు కాబట్టి, ఎంత మోగినా యాంపే మోగాలి.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, మనం రికార్డుల్లో విని మోజుపడిన గిటారు స్వరాలు చాలావరకు అంత పెద్ద ధ్వని అవసరమైన కాలంలో తయారయ్యాయి. వాల్వు యాంప్ దాని పూర్తి అందాన్ని చూపించేది దాన్ని బాగా బిగించి పెంచినప్పుడే. సన్నగా పెడితే ముభావంగా ఉండిపోతుంది. మన ఇల్లు చూస్తే స్టేడియం కాదు. రెండు పడగ్గదుల ఫ్లాటు. గోడ అవతల చదువుకునే పిల్లలు, కింద అంతస్తులో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకునేవాళ్ళు ఉంటారు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. ఉద్యోగం చేసుకునే మనిషికి గిటారు పట్టుకునే తీరిక దొరికేది సరిగ్గా ఆ రాత్రి వేళే.

చాలాకాలం స్వరం, ధ్వని ఒకదానికొకటి అంటుకుపోయి ఉండేవి. వాటిని విడదీసిన పరికరమే మోడలింగ్ యాంప్. 1995లో జపాన్‌కి చెందిన రోలాండ్ కంపెనీ వీజీ 8 అనే పరికరం తెచ్చింది. 1996లో అమెరికాలో లైన్ సిక్స్ కంపెనీ ఆక్సిస్ 212 అనే యాంప్ తెచ్చింది. మొదట్లో ఇవి ఖరీదైనవి. చిప్పుల ధర పడిపోయే కొద్దీ అదే విద్య మధ్యతరగతి ఇళ్ళకి అందే చిన్న పెట్టెల్లోకి దిగివచ్చింది.

లోపల జరిగేది ఇది. గిటారు నుంచి వచ్చిన సిగ్నల్‌ని సెకనుకి నలభై వేలకు పైచిలుకు సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. వాల్వు ఎక్కడ నలుపుతుంది, దాని టోన్ సర్క్యూటు ఏ పౌనఃపున్యాన్ని తగ్గిస్తుంది, స్పీకరూ దాని చెక్క పెట్టే ఏం చేస్తాయి, ఇవన్నీ లెక్కలుగా రాసి పెట్టి ఉంటాయి. ఆ అంకెలు ఆ లెక్కల గుండా నడిచి మళ్ళీ విద్యుత్తుగా మారి స్పీకరుకి చేరతాయి. దీనికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆలస్యమవుతుందేమోనని కొందరు భయపడతారు. గాలిలో శబ్దం ఒక మీటరు దూరం పోవడానికి సుమారు మూడు మిల్లీసెకన్లు తీసుకుంటుంది. యాంప్‌కి రెండడుగులు దూరం జరిగి కూర్చుంటే వచ్చే తేడా కూడా దాదాపు అంతే. వేలికి అది తెలియదు.

నలిగే పని లెక్కల్లోనే పూర్తయిపోతుంది కాబట్టి, చివర వచ్చే ధ్వని ఎంత సన్నగా ఉన్నా స్వరం చెడదు. గదిలో ఇద్దరు మాట్లాడుకునేంత ధ్వనిలో, వంద వాట్ల మార్షల్‌ని పూర్తిగా తిప్పినప్పటి చిక్కదనం చాలావరకు వినిపిస్తుంది. ఇల్లు వదలకుండా నేర్చుకునేవాళ్ళకి ఇంత మేలు చేసిన పరికరం ఇంకొకటి లేదని నా నమ్మకం.

ఒక ఉదాహరణ తీసుకుంటాను. రోలాండ్‌వాళ్ళ మైక్రో క్యూబ్ జీఎక్స్. మూడు వాట్లు, ఐదంగుళాల స్పీకరు, చేత్తో పట్టుకుపోయే పెట్టె. దాని మీద ఒక మర తిప్పుతుంటే ఎనిమిది రకాలు వస్తాయి. జేసీ క్లీన్ అనేది 1975లో రోలాండే తెచ్చిన జాజ్ కోరస్ యాంప్ నమూనా. బ్లాక్ ప్యానెల్ అంటే ఫెండర్ తరహా. బ్రిట్ కాంబో వాక్స్ తరహా. క్లాసిక్ స్టాక్ మార్షల్ తరహా. పేర్లు నేరుగా పెట్టకపోయినా తెలిసినవాళ్ళు గుర్తుపడతారు. ట్యూనరు అందులోనే ఉంది. ఫోను నుంచి పాట ఇచ్చుకునే ఆక్స్ జాక్ ఉంది, హెడ్‌ఫోన్ జాక్ ఉంది. ఆరు పెన్‌టార్చి సెల్స్ వేస్తే కరెంటు లేకుండా గంటల తరబడి నడుస్తుంది. వేసవిలో కోతలుండే ఊళ్ళవాళ్ళకి ఈ చివరి సౌకర్యం విలువ వేరే చెప్పక్కర్లేదు. ఈ కోవలో ఫెండర్ మస్టాంగ్, బాస్ కటానా, బ్లాక్‌స్టార్ ఐడీ కోర్ లాంటివి ఇంకా ఉన్నాయి. ఏది తీసుకున్నా నేను చెప్పబోయేది వర్తిస్తుంది.

మూడు వాట్లేనా అనకండి. చెవి లెక్క వేరు. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్సే. ధ్వని రెట్టింపైనట్టు మనిషికి తోచాలంటే పదింతల వాట్లు కావాలి. అంటే ముప్పై వాట్ల యాంప్ మూడు వాట్లదానికంటే సుమారు రెండింతలు గట్టిగా అనిపిస్తుంది, అంతే. పడగ్గదికి మూడు వాట్లు చాలు, మిగులు కూడా.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. ఈ యాంప్ ఇంటికి రాగానే ఎవరైనా చేసే పని మరలన్నీ తిప్పి చూడటం. ఆ సంబరం న్యాయమైనదే, కొన్నాళ్ళు సాగనివ్వండి. ఆ తర్వాత సాధకం అనేది ఒక క్లీన్ స్వరం మీద జరగాలి. అంటే స్వరాన్ని నలిపే గెయిన్ తక్కువ, గది మోతలాంటి రివర్బ్ లేదు, ప్రతిధ్వని ఇచ్చే డిలే లేదు, స్వరాన్ని జంటగా వినిపించే కోరస్ లేదు. జేసీ క్లీన్ గానీ బ్లాక్ ప్యానెల్ గానీ పెట్టుకుని, మిగిలిన మరలు ముట్టుకోకూడదు. ఎందుకంటారా?

గెయిన్ పెంచడమంటే వాల్వుని మోయగలిగినంతకు మించి అడగడమే, అప్పుడు తరంగాల కొసలు నలుగుతాయని ఇందాక చెప్పాను. కొసలు నలిగితే గట్టిగా మీటిన దెబ్బా, మెత్తగా మీటిన దెబ్బా దాదాపు ఒకే ఎత్తులో వినిపిస్తాయి. చిటికెన వేలు బలహీనంగా పడ్డా బలంగానే మోగుతుంది. వేళ్ళ మధ్య హెచ్చుతగ్గులు ఉన్నాయన్న విషయమే చెవికి చేరదు. రివర్బ్ చేసే పని ఇంకోటి. ఒక స్వరం తొందరగా తెగిపోతే ఆ ఖాళీని అది నింపేస్తుంది. డిలే అయితే లయలో దొర్లిన చిన్న తేడాని ప్రతిధ్వనుల్లో కలిపేస్తుంది. కచేరీకి ఇవన్నీ అలంకారాలు, వాడుకోవలసిందే. నేర్చుకునే గంటలో మాత్రం ఇవి మనకి తెలియాల్సిన సమాచారాన్ని మన నుంచి దాచేస్తాయి. క్లీన్ స్వరంలో ఆ దాపరికం ఉండదు. వేలు ఫ్రెట్టుకి దూరంగా పడితే గరగరమంటుంది, తీగ మీటే పిక్ ఒరిగితే పలచబడుతుంది. వినడానికి కష్టంగా ఉంటుంది. ఆ కష్టాన్నే వినాలి.

మన కర్ణాటక సంగీత శిక్షణలో సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడించే పద్ధతి ఉంది కదా. దాన్ని గిటారు మీదికి తెచ్చుకోమని నేను గట్టిగా చెబుతాను. మాయామాళవగౌళ రాగ స్వరాలు ఒక తీగ సమూహం మీద కుదుర్చుకుని, మెట్రోనోమ్ నిమిషానికి అరవై దెబ్బల మీద పెట్టి, దెబ్బకి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. ఫోనులోనే మెట్రోనోమ్ దొరుకుతుంది. దాన్ని యాంప్‌లోని ఆక్స్ జాక్ ద్వారా ఇస్తే గిటారూ, తాళమూ ఒకే స్పీకరులో వినిపిస్తాయి. మూడో కాలంలో ప్రతి స్వరం మొదటి కాలంలో వచ్చినంత నిండుగా వస్తోందా అన్నది క్లీన్ స్వరంలోనే తెలుస్తుంది. పాశ్చాత్య స్కేళ్ళు నేర్చుకునేవాళ్ళూ ఇదే పద్ధతిలో చేయవచ్చు. కాలాలు మార్చే క్రమశిక్షణ ఏ సంగీతానికైనా పనికొస్తుంది.

గెయిన్ వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. దానితో చేయవలసిన సాధకం వేరే ఉంది. గెయిన్ పెంచితే, మీటిన తీగతో పాటు మీటని తీగలు కూడా రొద చేస్తాయి. కుడి అరచేతి అంచుతో, ఎడమ వేళ్ళ లోపలి వైపుతో ఆ తీగల్ని అణిచిపెట్టడం ఒక విద్య. అది క్లీన్ స్వరం మీద అలవడదు, అక్కడ ఆ రొద వినిపించదు కనుక. కాబట్టి అణచడం కోసం ఒక పది నిమిషాలు కావాలని గెయిన్ పెంచుకుని వాయించాలి. ఏ స్వరం ఏ లోపాన్ని చూపిస్తుందో తెలుసుకుని మర తిప్పేవాడికి ఈ ఎనిమిది రకాలూ ఎనిమిది పాఠాలవుతాయి.

స్వరాన్ని ఊపి, జార్చి పలికించే గమకాల విషయంలో కూడా యాంప్ చేసే సాయం పెద్దది. 1969లో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. మామూలు మాండొలిన్‌కి జంట తీగలు, నాదం చప్పున తెగిపోతుంది. గమకం సాగాలంటే నాదం నిలవాలి. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. యాంప్లిఫయర్ తోడైంది కాబట్టే మెత్తటి స్పర్శకి కూడా నాదం నిలిచి, తీగ మీద వేలు జారుతున్నంత సేపూ స్వరం పలికింది. ఆయన 2014లో వెళ్ళిపోయారు. ఆయన రికార్డింగులు వినే గిటారు విద్యార్థులు వాద్యంతో పాటు విద్యుత్తు చేసిన మేలుని కూడా వినాలి. మన చిన్న యాంప్‌లో దీనికి దగ్గరి దారి బ్రిట్ కాంబో లాంటి రకం పెట్టి, గెయిన్ కాస్త మాత్రమే పెంచడం. మెత్తగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే కొంచెం చిక్కగా పలికే హద్దు ఒకటి దొరుకుతుంది. తీగని పక్కకి లాగి పలికించే గమకాలు ఆ హద్దు దగ్గర నిండుగా సాగుతాయి. గిటారు మీదున్న వాల్యూమ్ మరని కాస్త తగ్గిస్తే అదే అమరికలో క్లీన్ వచ్చేస్తుంది, యాంప్ దగ్గరికి లేవక్కర్లేదు.

ఇక గది సంగతి. చాలా ఇళ్ళలో యాంప్ నేల మీద ఉంటుంది, వాయించేవాళ్ళు దాని ముందు కుర్చీలో కూర్చుంటారు. స్పీకరు నుంచి పై స్వరాలు టార్చి వెలుగులా సూటిగా ముందుకే పోతాయి. అవి మోకాళ్ళని తాకుతాయి తప్ప చెవికి రావు. మందంగా ఉందనుకుని ట్రెబుల్ పెంచుతారు. ఎదుటి గదిలో ఉన్నవాళ్ళకి అది కీచుమని తగులుతుంది. యాంప్‌ని స్టూలు మీద చెవి ఎత్తుకి పెట్టండి, లేదా వెనక్కి వాల్చండి. గది మూలకి నెడితే బేస్ ఉబ్బుతుంది, గోడకి రెండడుగులు ఇవతల ఉంచితే మేలు. సిమెంటు గోడలు, టైల్సు నేల ఉన్న మన గదుల్లో శబ్దం తిరిగి తిరిగి కొడుతుంది. నేల మీద బొంత పరిచి, దాని మీద స్టూలు వేస్తే కింద ఇంటికి పోయే అదురు కూడా బాగా తగ్గుతుంది. పక్కింటివాళ్ళని ఎక్కువగా బాధపెట్టేది ఆ అదురే.

ఇంకో సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. ధ్వని తగ్గినప్పుడు మన చెవికి బేస్ బాగా తగ్గినట్టు, పై కొస కొంత తగ్గినట్టు తోస్తుంది. బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. అందుకని రాత్రి సన్నగా వాయిస్తూ బేస్ పెంచి కుదుర్చుకున్న అమరిక, మర్నాడు ఎవరింట్లోనో గట్టిగా పెడితే గుబగుబలాడిపోతుంది. ఏ ధ్వనిలో వాయిస్తారో ఆ ధ్వనిలోనే టోన్ కుదుర్చుకోవాలి. కంపెనీ ముందే నింపి ఇచ్చిన అమరికలు ఇంట్లో సరిగ్గా పలకకపోవడానికి ఇదొక కారణం. వాటిలో గెయిన్, రివర్బ్ సాధారణంగా ఎక్కువే ఉంటాయి. సగానికి తగ్గించి మొదలుపెట్టండి.

జుయ్‌మనే హోరు గురించి తరచు అడుగుతారు. మన కరెంటు 50 హెర్ట్జ్. సింగిల్ కాయిల్ పికప్ ఆ ప్రవాహం చుట్టూ ఉండే క్షేత్రాన్ని కూడా అందుకుంటుంది. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరు, లైటు డిమ్మరు, చవకరకం ఫోను చార్జరు దానికి తోడవుతాయి. ముందు ఇవి ఒక్కొక్కటీ ఆపి చూడండి. కూర్చున్న దిక్కు మార్చినా హోరు మారుతుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు చుట్టల్ని ఎదురుబొదురుగా కలిపి హోరుని హరించే హంబకర్ పికప్ రూపొందించారు. అలాంటి గిటారైతే ఈ బాధ చాలా తక్కువ. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్న పెద్ద యాంప్‌కి ఎర్తు పిన్ను తీసేస్తే హోరు పోతుందని ఎవరైనా చెబితే వినకండి. ఉక్కు తీగలు పట్టుకుని కూర్చునే మనిషికి ఆ ఎర్తే రక్ష.

హెడ్‌ఫోన్ పెట్టుకుంటే రాత్రి పది తర్వాత ఎవరికీ ఇబ్బంది లేదు. వైరున్న హెడ్‌ఫోనే వాడండి. బ్లూటూత్‌లో వంద మిల్లీసెకన్లూ, అంతకు మించీ ఆలస్యం మామూలే. మీటిన స్వరం వెనకబడి వినిపిస్తే లయ పాడైపోతుంది. బ్లూటూత్‌తో ఫోను పాట యాంప్‌కి పంపడం వరకు ఫరవాలేదు. జాక్ పెట్టే ముందు వాల్యూమ్ సున్నాకి తేవాలి. పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ ధ్వనైనా వారానికి నలభై గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చెవుల్లోనే మోగే గిటారు ఆ హద్దు సులువుగా దాటుతుంది. వారంలో కొన్ని పూటలైనా స్పీకరు మీదే వాయించాలి. గాలిలోకి వెళ్ళిన స్వరం గదిలో ఎలా నిలుస్తుందో హెడ్‌ఫోన్ నేర్పదు.

వాయించింది ఫోనులో రికార్డు చేసి మర్నాడు వినడం మంచి అలవాటు. ఫోను మీటరు దూరంలో పెడితే చాలు, వేరే పరికరం అక్కర్లేదు.

ఇవి నిజమైన యాంప్‌లు కావని, నకళ్ళని కొందరు తీసిపారేస్తారు. మార్షల్ మొదటి యాంప్ కూడా ఫెండర్ సర్క్యూటుకి నకలుగానే మొదలైంది. ఐదంగుళాల స్పీకరుకి పరిమితులున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. లావు తీగల బరువు అందులో పూర్తిగా పలకదు. డ్రమ్స్ పక్కన అది వినపడదు, బ్యాండులో చేరిన రోజున పెద్దది వెతుక్కోవాలి. పన్నెండంగుళాల స్పీకర్లు రెండున్న ఫెండర్ ట్విన్ ముందు నిలబడితే ఛాతీకి తగిలే గాలి ఇక్కడ ఉండదు. ఇంట్లో ఒంటరిగా వేళ్ళు కుదుర్చుకునే మనిషికి మాత్రం వీటిలో ఏదీ కొరత కాదు. పెద్ద వాల్వు యాంప్ కొని, పొరుగువాళ్ళకి భయపడి మర సున్నా దగ్గరే ఉంచేవాళ్ళ కన్నా, చిన్న మోడలింగ్ యాంప్ మీద రోజూ అరగంట వాయించేవాళ్ళు ముందుకు పోతారు. నేర్పే మనిషిగా నేను చూస్తూ వచ్చింది ఇదే.

పిల్లలకి ఎలక్ట్రిక్ గిటారు కొనిపెట్టబోయే తల్లిదండ్రులకి ఒక విన్నపం. గిటారు బడ్జెట్‌లోంచే కొంత తగ్గించి, యాంప్‌కి డబ్బు ఉంచండి. మంచి స్థితిలో ఉన్న పాతది దొరికినా తీసుకోవచ్చు. జాక్‌లు వదులుగా లేకుండా, మరలు తిప్పినప్పుడు బరబరమనకుండా ఉంటే చాలు. దుకాణానికి పిల్లల్నీ, వాళ్ళ గిటారునీ తీసుకెళ్ళండి. అక్కడివాళ్ళు ధ్వని పెంచి, గెయిన్ పెంచి చూపిస్తారు. అది పూర్తయ్యాక క్లీన్ స్వరం పెట్టమనండి. రివర్బ్ తీసేయించి, ధ్వని మీ ఇంటి గదికి సరిపడేంత తగ్గించి, పిల్లల చేతే వాయించి చూడండి. ఆ ధ్వనిలో బాగా పలికిన యాంప్‌నే కొనండి.